రెండు పేర్ల మనుషులు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘముల ఆరోగ్య కమిటీ పక్షమున శతవార్షికోత్సవ సభలలో చదివిన ప్రసంగము)

ఈ ప్రసంగము ముగ్గురి పేర ఒప్పుకున్నాము గనుక, నిలబడి చదివేది ఒకరైనా మాట ముగ్గురిదీ. మాలో ఒకరు సూర్యాపేట చుట్టుపట్ల ఊళ్ళలో ఏ.ఎన్.ఎమ్.గా పనిచేసి విరమించినవారు. ఒకరు కోదాడ వైపు బడిపంతులు, అంటే ప్రభుత్వము ఏ సర్వే పెట్టినా కాగితాల కట్ట చంకన పెట్టుకొని గడప గడపకు తిరిగినవారు. ఒకరు మిర్యాలగూడ రైసు మిల్లులో గుమాస్తా. ముగ్గురి బ్రతుకూ రిజిస్టర్లలోనే గడిచినది. అందుకే ఆరోగ్యమును గురించి మాట్లాడమని పెద్దలు అడిగినప్పుడు, మందుల సంగతి డాక్టర్లు చెప్తారు, మేము రిజిస్టర్ల సంగతి చెప్తామన్నాము. పెద్దలు కొంచెము ఆశ్చర్యపడ్డారు గాని కాదనలేదు.

మొదట ఒక ఇంటి ముచ్చట. సూర్యాపేటకు కొంత దూరమున ఒక ఊరు, ఊరి చివర మన వాడ. ఆ వాడలో ఒక పెద్దాయన. బడిలో వేసిన పేరు ఎల్లయ్య. ఆధార్ కార్డులో అదే ఉన్నది. బాప్తిస్మములో పెట్టిన పేరు యేసోబు. ఊరంతా పిలిచే పేరు అదే, పాత రేషను కార్డులో ఎక్కిన పేరూ అదే. ఒకనాడు కార్డు నిలిచిపోయినది. బియ్యము సంగతి ఎట్లో సర్దుకున్నారు. ఆ మరుసటి ఏడు ఆయనకు మూత్రపిండములు చెడినవి. ఆసుపత్రిలో మొదట అడిగినది కార్డు. ఆ రోజులలో ఆరోగ్యశ్రీ వైద్యమునకు ఆ కార్డే తాళపుచెవి. కార్డు తిరిగి పుట్టించుటకు మీసేవ కేంద్రమునకు, మండల ఆఫీసుకు, మళ్ళీ మీసేవకు ఎనిమిది నెలలు తిరిగినారు. రెండు పేర్లు ఒక్క మనిషివే అని కాగితము కావాలన్నారు. గురువుగారు రాసి ఇచ్చిన బాప్తిస్మపు పత్రము అక్కడ చెల్లలేదు. ఈలోగా బర్రెలను అమ్మి ప్రైవేటులో రక్తశుద్ధి చేయించినారు, వారమునకు రెండు సార్లకు బదులు ఒక్కసారి, ఆ తరువాత పదిహేను రోజులకు ఒకసారి. కార్డు వచ్చేటప్పటికి ఆయన పోయి మూడు వారములైనది.

మేము వెళ్ళి కూర్చున్నప్పుడు ఆ అవ్వ ఏడవలేదు. "మా ఆయనకు రెండు పేర్లున్నయని ఊరికి తెల్సు, దేవునికి తెల్సు. ఆ మిషన్‌కే తెల్వదాయె బిడ్డా" అన్నది.

ఆయన కార్డు ఏ కారణమున పోయినదో ఎవరూ మాకు కాగితము మీద చెప్పలేదు. కాబట్టి ఎవరినీ నిందించుట లేదు. కాని ఇటువంటిది ఒక్క ఇంటిలోనే జరిగినదని అనుకొనవద్దు. 2014 తరువాత కొన్ని ఏళ్ళలో మన రాష్ట్రమున దాదాపు 19 లక్షల రేషను కార్డులు రద్దయినవి. ఇంటికి వచ్చి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా, వేర్వేరు శాఖల జాబితాలను కంప్యూటరులో జోడించి చూచి తీసివేసినారని కేసు సుప్రీంకోర్టు వరకు పోయినది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, ఆ కార్డులను ఊళ్ళలోకి వెళ్ళి తిరిగి పరిశీలించమని ఆదేశించినది. ఆ తరువాత 2025 జూలై 14న కొత్త కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలోనే మొదలుపెట్టినారు. ఆ రోజు కార్డు అందుకొన్నవారిలో మన సంఘస్థులూ ఉన్నారు, సంతోషము. కాని జాబితాలను జోడించే యంత్రము ఎట్లా పనిచేయునో కొంచెము ఆలోచించండి. అది పేరును, తండ్రి పేరును, చిరునామాను పోల్చి, ఇది ఆ మనిషే అనో కాదనో తేల్చును. ఒక్క పేరుతో పుట్టి ఒక్క పేరుతో పోయేవారికి ఇబ్బంది తక్కువ. రెండు పేర్లవారికి?

మరి మన వారికి రెండు పేర్లు ఎందుకు వచ్చినవి? ఇది దాచుకొనే సంగతి కాదు గనుక ఈ సభలో చెప్పుకుందాము. మన తాతలు మాల, మాదిగ వాడలలో నుండి వచ్చి క్రీస్తును నమ్మినవారు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూ మతమును కాక వేరొక మతమును అవలంబించినవారు షెడ్యూల్డు కులమువారు కారన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరచినారు. మనకు తెరవలేదు. మన రాష్ట్రమున 1970లో వెనుకబడిన తరగతుల జాబితా ఏర్పరచినప్పుడు, క్రైస్తవులైన షెడ్యూల్డు కులమువారిని, వారి సంతతిని బి.సి. - సి గ్రూపుగా వేరు చేసి 1 శాతము ఇచ్చినారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ మతపు షరతును తీసివేయమని చెప్పినది. 2022 అక్టోబరులో కేంద్రము జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకొక కమిషనును వేసినది. ఇన్ని కమిషనుల మధ్య మన ఇంటి పిల్లవాడు బడిలో చేరవలె, స్కాలర్‌షిప్పు కావలె, ఉద్యోగము కావలె. కనుక బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. చేసినది తప్పా ఒప్పా అని తీర్పు చెప్పేటందుకు మేము రాలేదు. ఆకలితో ఉన్నవానిని పేరు అడిగినది ఎవరో కూడ చూడవలె గదా!

లంబాడీ తండాలలోని మన సహోదరులకు ఈ చిక్కు లేదు. 1976 చట్టముతో తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరినారు. తెగకు మతపు షరతు లేదు. ఒకే పాస్టరేటులో, ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము తీసుకొను ఇద్దరిలో ఒకరిది తెగ లెక్కలో ఉండును, ఒకరిది కులము లెక్కలో ఉండదు.

ఇక ఆరోగ్యమునకు దీనికి సంబంధమేమి అని అడుగుదురు. మాకు ఈ సంగతి స్పష్టముగా అర్థమైనది మన దేశములోని దానిని చూచి కాదు, అమెరికాలో జరిగిన ఒక దానిని చదివి. అక్కడ ఆసుపత్రులు, బీమా సంస్థలు కోట్లాది రోగులను కంప్యూటరు చేత వడబోయించును: ఎవరికి జబ్బు ముదిరే ప్రమాదమున్నది, ఎవరి ఇంటికి నర్సును పంపవలె అని. ఆ లెక్కలో ఎక్కడా నలుపు, తెలుపు అను మాటే లేదు. అందరూ న్యాయముగానే ఉన్నదనుకొన్నారు. 2019లో కొందరు పరిశోధకులు "సైన్స్" పత్రికలో దాని గుట్టు విప్పినారు. ఆ యంత్రము మనిషి ఎంత రోగియో కొలవలేదు. అతని వైద్యమునకు ఎంత ఖర్చయినదో చూచి, ఎక్కువ ఖర్చయినవాడే ఎక్కువ రోగి అనుకొన్నది. నల్లజాతివారు వివక్ష వలన, దూరము వలన, బీదరికము వలన ఆసుపత్రికి తక్కువగా వెళ్ళగలిగినారు. వెళ్ళనందున ఖర్చు తక్కువ. ఖర్చు తక్కువ గనుక యంత్రము దృష్టిలో వారు ఆరోగ్యవంతులు! ఆ తప్పు సరిదిద్దితే, అదనపు సహాయమునకు ఎన్నిక కావలసినవారిలో నల్లజాతివారు 17.7 శాతము నుండి 46.5 శాతమునకు పెరుగుదురని తేలినది.

ఇది చదివిన రాత్రి మాలో ఏ.ఎన్.ఎమ్.గా పనిచేసినవారికి నిద్ర పట్టలేదు. ఏ మండలములో ఎందరికి రక్తశుద్ధి జరిగినది, ఎందరికి గుండె ఆపరేషను జరిగినది అని పైనుండి అడుగుతారు; కిందనుండి పంపుతారు. ఆ అంకెలను చూచి ఎక్కడ కేంద్రము పెట్టవలెనో, ఎక్కడ డాక్టరును వేయవలెనో తీర్మానిస్తారు. యేసోబు తాత ఆ అంకెలలో లేడు. ఆయనకు జబ్బు లేదని కాదు, వైద్యము అందలేదని. ఆయనవంటివారు పదిమంది ఒక వాడలో ఉంటే, కాగితము మీద అది ఆరోగ్యమైన వాడ. అటువంటి అంకెలను మా చేతులతో మేమే నింపి పంపినాము, ఏళ్ళ తరబడి, గీతలు సూటిగా ఉన్నవా లేదా అని చూచుకొంటూ.

ఆ దేశమువారి సంగతే ఇంకొకటి. 2021 కరోనా రెండవ అలలో మన ఇళ్ళలో వేలికి తగిలించుకొను చిన్న యంత్రము, ఆక్సీమీటరు, ఎంత ప్రాణాధారమైనదో మరచిపోలేదు గదా. మన సంఘముల యౌవనస్థులు చందాలు వేసుకొని కొని, ఒక్కొక్క యంత్రమును వాడంతా తిప్పినారు. అంతకు కొద్ది నెలల ముందే, 2020 డిసెంబరులో, అమెరికా డాక్టర్లు ఒక సంగతి ప్రకటించినారు: యంత్రము బాగున్నదని చూపించినా లోపల రక్తములో ప్రాణవాయువు ప్రమాదకరముగా పడిపోయి ఉండుట తెల్లజాతి రోగులలో 3.6 శాతమైతే, నల్లజాతి రోగులలో 11.7 శాతము. చర్మము నలుపుదనము ఆ వెలుతురు కొలతకు అడ్డు వచ్చును. మన ఎండలో నాట్లు వేసే చేతుల రంగు మీకు తెలిసినదే. ఆ రోజులలో అంకె బాగున్నదని ఇంటిలోనే ఉంచుకొన్న వారిలో ఎవరికి ఏమైనదో ఇప్పుడు చెప్పలేము. డాక్టర్లు చెప్పేది ఒక్కటే: అంకె బాగున్నా ఆయాసము ఉంటే ఆసుపత్రికి పోవలె. మనిషిని చూచి నమ్మవలె, అంకెను మాత్రమే చూచి కాదు.

మన దేశములో ఇటువంటి లెక్క ఎవరూ తీయలేదా అంటే తీసినారు, కొంత. తొమ్మిది రాష్ట్రముల పెద్ద సర్వేను బట్టి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనములో, అగ్రకుల హిందువులకంటె ఆదివాసుల ఆయుర్దాయము 4 ఏళ్ళకు పైగా, దళితులది 3 ఏళ్ళకు పైగా తక్కువని తేలినది. బీదరికము ఒక్కటే దానికి కారణము కాదని కూడ వారన్నారు. ఆ తొమ్మిదిలో మన రాష్ట్రము లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన జిల్లాలకూ వచ్చినది. 2019-21లో జరిగిన అయిదవ సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతము, అయిదేళ్ళలోపు పిల్లలలో 70 శాతము రక్తహీనులని వ్రాసినారు. మంచి సర్వే అది. మతమును వేరుగా, కులమును వేరుగా అడుగును, కాబట్టి మనిషి తన రెండు సంగతులనూ చెప్పుకొనవచ్చును. అయితే జిల్లాకు కొన్ని వందల ఇళ్ళే చూస్తారు. అందులో మన వాడలవి ఎన్ని వచ్చును? వేళ్ళ మీద లెక్కపెట్టగా వచ్చిన దానిని బట్టి మన స్త్రీల రక్తము సంగతి ఎవరూ చెప్పలేరు.

నీటి సంగతి చెప్పకుండా మన జిల్లాలో ఆరోగ్య ప్రసంగము ముగియదు. తాగునీటిలో ఫ్లోరైడును పటిక, సున్నముతో తీసివేయు పద్ధతిని నాగపూరు నీరీ సంస్థ 1970లలో రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఆ పేరు ఆఫ్రికా దేశముల వరకు పోయినది. గర్వపడవలెనో సిగ్గుపడవలెనో మాకు తెలియదు! మునుగోడు, మర్రిగూడ వైపు ఉన్నంత ఘోరము ఎడమ కాలువ పారే మన వైపు లేకున్నా, కాలువ అందని ఊళ్ళలో బోరు నీరే తాగినాము. మాకు జ్ఞాపకమున్న ఒక ఊరిలో నీళ్ళ పరీక్షకు సీసా ఒక్కటే ఇచ్చినారు. ఊరికి ఒక సీసా. పంచాయతీ ఆఫీసు ముందరి బోరు నీళ్ళు పట్టి పంపినాము. ఫలితము లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దులోపలే వచ్చినది. ఊరు మంచిదని వ్రాసినారు. వాడలో వేరే బోరు ఉన్నది, వేరే లోతు, వేరే రాయి. ఆ నీటిని ఎవరూ పట్టలేదు. ఆ వాడ పిల్లల పండ్ల మీది గోధుమరంగు మచ్చలను మేము చూచినాము, చూచి కూడ ఇంకొక సీసా అడగలేదు. మనలో ఒకరము ఉండి ఆ పని చేయకపోవుట ఇప్పటికీ మాకు బాధ. మిషన్ భగీరథ నల్లా వచ్చిన తరువాత చాలా ఊళ్ళలో ఆ బాధ తగ్గినది. కాని వంగిన ఎముకలు నల్లాతో సరికావు, వారి లెక్క వారిది.

ఇప్పుడు ఒక ఒప్పుకోలు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు బొంబాయి నుండి, హైదరాబాదు నుండి బస్సులు కిక్కిరిసి జనము సొంత ఊళ్ళకు వచ్చినారు. ఔగుస్తు కాలమున యోసేపు, మరియ బేత్లెహేమునకు నడచినట్లే ఉన్నదని మేము నవ్వుకొన్నాము. ఆ రోజు మాలోని పంతులు ఒక ఇంటి ముందు నిలబడినారు. గుమ్మము మీద శిలువ. లోపల యేసుప్రభువు పటము. ఇంటాయన, "మీకు తెల్వంది ఏమున్నది సార్, రాసుకోండ్రి" అన్నాడు. ఇద్దరము ఒకరి మొగము ఒకరము చూచుకొన్నాము. అడగలేదు, ఆయన చెప్పలేదు, మతము గడిలో హిందూ అని పడినది. అట్లాంటి ఇళ్ళు ఎన్నో. దయతోనే వ్రాసినాము. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమని ఉన్నది. ఆదివారము ఉదయము కోదాడ నుండి మిర్యాలగూడ వరకు బస్సులో వచ్చినవారెవరైనా ఆ అంకెకు నవ్వుదురు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము జరిపిన కులగణనలో షెడ్యూల్డు కులములు 17.43 శాతమని, తెగలు 10.45 శాతమని వచ్చినది. ఆ 17.43లో మన వారు ఎందరు, బయట ఎందరు, ఎవరు చెప్పగలరు? ప్రత్యేక నిధి చట్టము ప్రకారము డబ్బు జనాభా నిష్పత్తిలో కేటాయిస్తారు. కాబట్టి ఇది గౌరవపు మాట మాత్రమే కాదు.

2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టి జరుపు జనగణనలో కులము కూడ అడుగుదురు. స్వాతంత్ర్యము తరువాత అందరి కులమునూ జనగణనలో అడుగుట ఇదే మొదలు. అప్పుడు ఏమని చెప్పవలె అని సంఘస్థులు మమ్ములను అడుగుచున్నారు. మా ముగ్గురిలోనే ఒక మాట లేదు, దాచము. ఒకరు ఉన్నది ఉన్నట్టు చెప్పుమంటారు. ఒకరు, పిల్లల సర్టిఫికెట్లు పోగొట్టుకొనే భయముతో ఉన్న తల్లికి ఆ మాట చెప్పే హక్కు మనకెవరిచ్చారు అంటారు. మూడవవారు ఇంకా తేల్చుకోలేదు. అందరికీ తెలియవలసినది మాత్రము ఒకటున్నది. 1948 నాటి జనగణన చట్టము 15వ సెక్షను ప్రకారము, ఆ కాగితములో మీరు చెప్పినది రహస్యము. ఏ ఆఫీసువారూ దానిని తెరచి చూడరాదు, సాక్ష్యముగా వాడరాదు. ఆ చట్టము రాష్ట్ర సర్వేలకు వర్తించదు. ఈ రెంటినీ ఒకటిగా అనుకొని జడిసేవారికి ఈ తేడా చెప్పండి, ఆపైన వారి నిర్ణయము వారిది. వేదిక మీది నుండి వారిని అబద్ధికులని గద్దించవద్దని గురువులను చేతులు జోడించి అడుగుచున్నాము.

ప్రభుత్వము సంగతి అయినది, మన సంగతి కొంచెము. మన సంఘ రిజిస్టరులో బాప్తిస్మము, వివాహము, సమాధి, చందా ఉన్నవి. రెండు పేర్లూ పక్క పక్కన వ్రాసిన పేజీ మూడు ఊళ్ళలోనూ ఎక్కడా లేదు. ఎవరు ఎందువలన చనిపోయినారో వ్రాసినది అంతకన్న లేదు. "ప్రభువునందు నిద్రించెను" అని ఉన్నది. నూరేళ్ళ నిద్రలలో ఎన్ని కాన్పులో, ఎన్ని క్షయలో, ఎన్ని పాముకాట్లో ఇక తెలియదు. సమాధుల తోటలోనే అటు కొందరు ఇటు కొందరు అని గీత గీసుకొన్న ఊళ్ళు ఉన్నవి. అటువంటివారము న్యాయమైన లెక్క అడుగుటకు ముందు కొంచెము తల వంచుకొనవలె. తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచిపోయిన కాపరి, ఒకటి తక్కువైనదని ఎట్లా తెలుసుకొన్నాడు? సాయంకాలము లెక్కపెట్టినాడు గనుక.

కాబట్టి ఈ శతవార్షికము నుండి ఒక పుస్తకము మొదలుపెట్టినాము. ఇంటికి ఒక పేజీ. ప్రతి మనిషికీ రెండు పేర్లు, ఏ కాగితములో ఏ పేరు ఉన్నదో, గర్భిణీ ఉన్నదా, రక్తపోటు, చక్కెర ఉన్నవా, కార్డు నిలిచిపోయినదా. ఇంటివారు చెప్పినంతే వ్రాయవలె, చెప్పనన్నది వదిలివేయవలె. పుస్తకము తాళములో ఉండవలె. ఇంకొక మాట, సోదరీమణులు కోపగించుకొనవద్దు: ఎవరికి ఏ రోగమున్నదో ప్రార్థన మనవులలో మైకులో చదువుట మానవలె. ఫలానా అమ్మాయికి గర్భస్రావమైనదని ఊరంతటికీ తెలిపిన తరువాత, ఆమె రేపు మనకు ఏమి చెప్పును?

మిర్యాలగూడలో ఇంకొక పని ఉన్నది. మిల్లులలో ఊక దుమ్ము మధ్య బస్తాలు మోసే బీహారు పిల్లలు ఏ ఊరి లెక్కలోనూ లేరు. ఇక్కడి కార్డు లేదు, అక్కడ ఇంటిలో లేరు. దగ్గు వచ్చినవాడు మందుల దుకాణమున రెండు గోలీలు కొనుక్కొని పడుకొనును. వారు మన సంఘస్థులు కారు, మనవారూ కారు అని ఒక పెద్దమనిషి అన్నారు. జవాబు చెప్పక ఊరుకొన్నాము. వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత మిల్లుల వెనుక గదులకు వెళ్ళుచున్నాము. పుస్తకము, రక్తపోటు చూచు యంత్రము ఉన్నవి. హిందీ వచ్చినవారు ఇద్దరు కావలెను. రాగలవారు సభ అయిన తరువాత పందిరి దగ్గర మాకు పేరు ఇవ్వండి.